వీ8 సౌండ్ సరే.. మరి లిఫ్టర్ సంగతేంటి? అమెరికన్ పెర్ఫార్మెన్స్ కార్ల ఇంజిన్లు ఎక్కడ దెబ్బతింటాయంటే..

మస్టాంగ్, కొర్వెట్, ఛాలెంజర్.. ఈ పేర్లు వినగానే అందరికీ గుర్తొచ్చేది వీ8 సౌండ్. ఆ తర్వాత నంబర్లు. 500 హార్స్ పవర్, 700 హార్స్ పవర్, ఇప్పుడైతే ఏకంగా 1000 దాటేసింది. రీల్స్‌లో ఇంతవరకే కనిపిస్తుంది. కారు కొన్నవాళ్లకు మాత్రం ఇంకో ప్రశ్న ఉంటుంది. ఇంత పవర్‌ను ఆ ఇంజిన్ ఎన్నేళ్లు మోస్తుంది?

అమెరికన్ ఇంజిన్ అంటేనే రిపేర్ల పుట్ట అని కొందరంటారు. ఆయిల్ మారుస్తూ ఉంటే చాలు, ఎన్ని లక్షల మైళ్లయినా తిరుగుతుందని ఇంకొందరు. రెండు మాటల్లోనూ సగమే నిజం ఉంది. గత 20 ఏళ్లలో ఏ ఇంజిన్‌లో ఏది పాడైందో వరసగా చూస్తే ఒక విషయం అర్థమవుతుంది. పవర్‌ను మోసే పెద్ద భాగాలు, అంటే బ్లాక్, క్రాంక్ షాఫ్ట్, పిస్టన్లు.. ఎక్కువ సందర్భాల్లో గట్టిగానే నిలబడ్డాయి. ఓనర్ల జేబుకు చిల్లు పెట్టింది మాత్రం చేతి వేలంత ఉండే చిన్న భాగాలు, ఆయిల్, వేడి.

70 ఏళ్ల నాటి డిజైన్.. ఇంకా ఎందుకు?

ముందు బేసిక్స్ చూద్దాం. షెవర్లే తన స్మాల్ బ్లాక్ వీ8ను 1955 మోడల్ కార్లలో తెచ్చింది. అప్పటి షెవర్లే చీఫ్ ఇంజనీర్ ఎడ్ కోల్ టీమ్ తయారుచేసిన ఇంజిన్ అది. సైజు 265 క్యూబిక్ అంగుళాలు, అంటే మన లెక్కలో 4.3 లీటర్లు. ఒక సిలిండర్ మధ్య నుంచి పక్క సిలిండర్ మధ్యకు దూరం 4.4 అంగుళాలు. ఆ తర్వాత డిజైన్ ఎన్నిసార్లు మారినా ఆ 4.4 అంగుళాల లెక్క మాత్రం నేటి కొర్వెట్ వరకు అలాగే వస్తోంది.

వీటిని పుష్‌రాడ్ ఇంజిన్లు అంటారు. వాల్వులను తెరిచే కామ్ షాఫ్ట్ ఒక్కటే. అది ఇంజిన్ పైన కాకుండా, బ్లాక్ మధ్యలో ఉంటుంది. అక్కడి నుంచి సన్నటి కడ్డీలు పైకి వెళ్లి వాల్వులను నొక్కుతాయి. సిలిండర్‌కు రెండేసి, మొత్తం 16 వాల్వులు. అదే ఫోర్డ్ మస్టాంగ్ జీటీలోని 5.0 లీటర్ల ఇంజిన్ చూస్తే నాలుగు కామ్ షాఫ్టులు, 32 వాల్వులు, వాటిని తిప్పడానికి పొడవైన చైన్లు.

పుష్‌రాడ్ అంటే పాత టెక్నాలజీ అని తీసిపారేస్తుంటారు. అది సరికాదు. పైన కామ్ షాఫ్టులు లేవు కాబట్టి ఇంజిన్ ఎత్తు తగ్గుతుంది. బరువు కిందికి చేరుతుంది. పొడవైన చైన్లు, వాటి గైడ్లు అరిగిపోయే బెడద లేదు. 1997 కొర్వెట్‌తో వచ్చిన ఎల్‌ఎస్1 ఇంజిన్ 5.7 లీటర్లు, 345 హార్స్ పవర్. దాని వారసుల్ని పాత ట్రక్కుల్లోంచి ఊడదీసి మాజ్డాల్లో, బీఎండబ్ల్యూల్లో బిగించుకునే వాళ్లు అమెరికాలో కోకొల్లలు. స్క్రాప్ యార్డులో దొరికిన ఇంజిన్‌కు టర్బో తగిలించినా తట్టుకుంటుందన్న పేరు ఊరికే రాలేదు.

మరి అంత గట్టి ఇంజిన్‌కు జబ్బు ఎక్కడ పట్టింది?

మైలేజీ కోసం పెట్టారు.. మొదటికే మోసం వచ్చింది

ఇక్కడే అసలు కథ మొదలవుతుంది. కామ్ షాఫ్ట్‌కు, పుష్‌రాడ్‌కు మధ్య ఉండే చిన్న భాగం పేరు లిఫ్టర్. వేలు సైజులో ఉంటుంది. కింద ఒక చిన్న రోలర్ చక్రం, లోపల ఆయిల్. కామ్ తిరుగుతుంటే ఆ రోలర్ దాని మీద దొర్లుతూ పుష్‌రాడ్‌ను పైకి నెడుతుంది. అంతే దాని పని. కాకపోతే నిమిషానికి వేలసార్లు చేయాలి.

అమెరికాలో ఇంధన పొదుపు రూల్స్ కఠినమయ్యే కొద్దీ కంపెనీలకు వీ8 భారమైంది. దానికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం, హైవే మీద సాఫీగా వెళ్తున్నప్పుడు ఎనిమిది సిలిండర్లలో నాలుగింటికి సెలవు ఇవ్వడం. క్రైస్లర్ దీన్ని 5.7 లీటర్ల హెమీ ఇంజిన్‌లో ఎండీఎస్ పేరుతో 2005 మోడల్ కార్లకు పెట్టింది. జనరల్ మోటార్స్ కూడా దాదాపు అదే టైమ్‌లో ఇలాంటి సిస్టమ్ తెచ్చి, తర్వాత ఏఎఫ్‌ఎం అని పేరు పెట్టింది.

పని చేసే తీరు తెలివైనదే. ఆ నాలుగు సిలిండర్ల లిఫ్టర్లలో ఒక చిన్న లాక్ పిన్ ఉంటుంది. కంప్యూటర్ చెప్పగానే ఆయిల్ ప్రెషర్ వచ్చి ఆ పిన్‌ను లోపలికి నెడుతుంది. దాంతో లిఫ్టర్ స్ప్రింగ్‌లా లోపలికి ముడుచుకుంటుంది. కామ్ తిరుగుతూనే ఉంటుంది కానీ వాల్వు తెరుచుకోదు. డ్రైవర్ యాక్సిలరేటర్ తొక్కగానే పిన్ మళ్లీ లాక్ అవుతుంది, సిలిండర్ మేల్కొంటుంది.

అన్నిసార్లూ అనుకున్నట్టు లాక్ అయితే ఏ గొడవా లేదు. పిన్ సగంలో ఇరుక్కుంటే? లిఫ్టర్ అలాగే ముడుచుకుపోయి ఉండిపోతుంది. ఆ సిలిండర్ మిస్‌ఫైర్ కొడుతుంది. ఒక్కోసారి పుష్‌రాడ్ వంగిపోతుంది. ఇంకా దారుణం రోలర్ జామ్ అవడం. దొర్లాల్సిన చక్రం తిరగకుండా కామ్ మీద రాసుకుంటూ పోతుంది. ఆకురాయి పెట్టి రుద్దినట్టు కామ్ అరిగిపోతుంది, ఆ ఇనుప పొడి మొత్తం ఆయిల్‌లో కలుస్తుంది.

జీఎం ట్రక్కుల ఓనర్లు, హెమీ ఓనర్లు ఏళ్ల తరబడి మొత్తుకున్నది దీని గురించే. లిఫ్టర్ చిన్నదే కదా, మార్చేస్తే పోలా అనుకోవద్దు. దాన్ని బయటికి తీయాలంటే సిలిండర్ హెడ్లు ఊడదీయాలి. కామ్ కూడా అరిగితే ఇంజిన్ ముందు భాగం మొత్తం విప్పాలి. పార్ట్ ఖరీదు కొంచెమే, బిల్లు మాత్రం వేల డాలర్లలో వస్తుంది.

హెమీ విషయంలో మెకానిక్‌లు ఇంకో కారణం కూడా చెబుతారు. కామ్‌కు, రోలర్లకు అందే ఆయిల్‌లో చాలావరకు కింద తిరిగే క్రాంక్ నుంచి చిమ్మేదే. బండి గంటల తరబడి ఐడిల్‌లో ఉంటే ఆ చిమ్మడం తగ్గుతుంది. ఎక్కువసేపు ఐడిల్‌లో నిలబెట్టే పోలీస్ బళ్ల లాంటివి కొనేముందు ఆలోచించుకోమని వాళ్లు అనేది ఇందుకే. మైళ్ల మీటర్ తక్కువ చూపించినా ఇంజిన్ తిరిగిన గంటలు ఎక్కువ ఉంటాయి.

ఇక్కడ ఒక చిత్రం చూడండి. అదే హెమీ ఫ్యామిలీలో 2015లో వచ్చిన హెల్‌క్యాట్ 6.2 లీటర్లు, సూపర్‌ఛార్జర్, 707 హార్స్ పవర్. ఫోర్జ్‌డ్ క్రాంక్, ఫోర్జ్‌డ్ పిస్టన్లు, కంప్రెషన్ 9.5కు తగ్గించారు. అంత బూస్ట్‌కు తగ్గట్టు లోపల అన్నీ గట్టిపరిచారు. సిలిండర్లు ఆపే ఎండీఎస్ మాత్రం అందులో లేదు. మాన్యువల్ గేర్ ఉన్న 6.4 లీటర్ల ఛాలెంజర్‌లోనూ లేదు. అంటే లాక్ పిన్ భయం ఉన్నది 707 హార్స్ పవర్ బండికి కాదు, దాంట్లో దాదాపు సగం పవర్ ఉన్న మామూలు 5.7 బండికి.

505 హార్స్ పవర్.. టైటానియం.. అయినా వాల్వు విరిగింది

లిఫ్టర్ తర్వాత ఎక్కువ చర్చ జరిగింది ఎల్‌ఎస్7 గురించి. 2006 కొర్వెట్ జీ06లో వచ్చిన ఈ ఇంజిన్ 7.0 లీటర్లు, 505 హార్స్ పవర్. టర్బో లేదు, సూపర్‌ఛార్జర్ లేదు. టైటానియం కనెక్టింగ్ రాడ్లు, టైటానియం ఇన్‌టేక్ వాల్వులు, లోపల సోడియం నింపిన ఎగ్జాస్ట్ వాల్వులు. రేసు కార్లలాగా ఆయిల్‌కు విడిగా ట్యాంక్. దీన్ని మిషిగన్‌లో చేత్తో బిగించేవాళ్లు.

ఇన్ని ఉన్నా దెబ్బ పడింది వాల్వు గైడ్ దగ్గర. వాల్వు కాడ పైకీ కిందికీ కదలడానికి ఉండే చిన్న గొట్టమే గైడ్. కొన్ని ఇంజిన్లలో అది ఉండాల్సిన దానికంటే త్వరగా అరిగింది. గైడ్ లూజైతే వాల్వు ప్రతిసారీ కాస్త పక్కకు ఊగుతూ సీటు మీద వంకరగా కూర్చుంటుంది. చివరికి వాల్వు తల విరిగి సిలిండర్‌లో పడితే ఇంజిన్ పని అయిపోయినట్టే. సప్లయర్ దగ్గర హెడ్ల మెషినింగ్‌లో తేడా వచ్చిందని, సమస్య కొన్ని ఇంజిన్లకే పరిమితమని జీఎం చెప్పింది. ఆ మాట చాలామంది ఓనర్లకు మింగుడుపడలేదు. ఇప్పటికీ పాత జీ06 కొనేవాళ్లు మొదట అడిగేది, హెడ్లు చెక్ చేయించారా, గైడ్లు మార్చారా అనే.

ట్రాక్ మీదకు వెళ్తేనే బయటపడిన వేడి

ఇప్పుడు వేడి దగ్గరికి వద్దాం. 2015 కొర్వెట్ జీ06కు ఎల్‌టీ4 ఇంజిన్ ఇచ్చారు. 6.2 లీటర్లు, సూపర్‌ఛార్జర్, 650 హార్స్ పవర్. రోడ్డు మీద తిరిగితే బ్రహ్మాండం. ఎండాకాలం రేస్ ట్రాక్ మీదకు తీసుకెళ్తే కొన్ని ల్యాపులకే టెంపరేచర్ పెరిగిపోయి, కంప్యూటర్ పవర్ తగ్గించేస్తోందని ఓనర్లు గొడవ పెట్టారు. 2017 మోడల్‌కు బానెట్ మీద పెద్ద వెంట్లు, కొత్త సూపర్‌ఛార్జర్ కవర్ వచ్చాయి. అదే ఏడాది కోర్టులో క్లాస్ యాక్షన్ కేసు కూడా పడింది.

సూపర్‌ఛార్జర్‌తో వచ్చే చిక్కే ఇది. గాలిని నొక్కితే అది వేడెక్కుతుంది. వేడెక్కిన గాలిని చల్లార్చడానికి ఇంకో రేడియేటర్, ఇంకో పంపు కావాలి. ఇవన్నీ కారు ముక్కులో ఉన్న ఆ కాస్త చోటులోనే ఇరికించాలి. ఇంజిన్‌లో ఇనుము ఎంత గట్టిదైనా, ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే లాభం లేదు.

ఫోర్డ్‌కూ ఇదే అనుభవం. 2016 షెల్బీ జీటీ350లో ట్రాక్ ప్యాకేజీ తీసుకోని బేస్ మోడల్స్‌కు గేర్‌బాక్స్ కూలర్, డిఫరెన్షియల్ కూలర్ ఇవ్వలేదు. ట్రాక్ కోసమే పుట్టిన కారన్నట్టు ప్రచారం చేసి కూలర్లు లేకుండా అమ్ముతారా అని కొన్నవాళ్లు కోర్టుకెక్కారు. వేడెక్కితే ఆ కార్లు లింప్ మోడ్‌లోకి వెళ్లి, పవర్ కట్ చేసుకుంటున్నాయన్నది వాళ్ల ఫిర్యాదు. 2017 నుంచి ఆ కూలర్లు స్టాండర్డ్ అయ్యాయి. నిజానికి అక్కడ ఇంజిన్ పాడవలేదు, తనను తాను కాపాడుకుంది. కానీ రేసు మధ్యలో పవర్ పోయినవాడికి అది ఏం ఓదార్పు?

ఫెరారీలా అరిచిన ఫోర్డ్

అదే జీటీ350 ఇంజిన్‌ది ఇంకో కథ. వూడూ అని ముద్దుపేరు. 5.2 లీటర్లు, 526 హార్స్ పవర్, రెడ్‌లైన్ 8250. మామూలు అమెరికన్ వీ8 క్రాంక్‌ను ఒక చివర నుంచి చూస్తే ప్లస్ గుర్తులా ఉంటుంది. పిన్నులు 90 డిగ్రీల తేడాతో ఉంటాయి. దాన్ని క్రాస్ ప్లేన్ అంటారు. మనకు తెలిసిన ఆ గుడగుడ శబ్దం దాని నుంచే వస్తుంది. వూడూలో ఫెరారీ తరహాలో 180 డిగ్రీల ఫ్లాట్ ప్లేన్ క్రాంక్ పెట్టారు. బరువు తగ్గుతుంది, రివ్స్ చకచకా ఎక్కుతాయి, సౌండ్ అయితే మాటల్లో చెప్పలేం.

దానికి కట్టాల్సిన మూల్యం వైబ్రేషన్. ఫ్లాట్ ప్లేన్‌లో అడ్డంగా వచ్చే ఊపును ఆపేవి ఉండవు. ఇంజిన్ సైజు పెరిగే కొద్దీ ఆ ఊపు కూడా పెరుగుతుంది. 5.2 లీటర్లంటే ఆ తరహా ఇంజిన్‌కు చిన్న సైజేమీ కాదు. ఓనర్లు ఆయిల్ తాగేస్తోందని ఫిర్యాదు చేశారు. ఆయిల్ కూలర్ గొట్టాల జాయింట్ల దగ్గర లీక్ అవుతోందని ఫోర్డ్ స్వయంగా రీకాల్ కూడా చేయాల్సి వచ్చింది. ఆ తర్వాత 2020లో 760 హార్స్ పవర్‌తో షెల్బీ జీటీ500 తెచ్చినప్పుడు ఫోర్డ్ ఏం చేసిందో తెలుసా? అదే 5.2 లీటర్ల సైజు ఉంచి, క్రాంక్ మాత్రం మళ్లీ క్రాస్ ప్లేన్ పెట్టింది. సూపర్‌ఛార్జర్ తగిలించాక అంత వైబ్రేషన్ పెట్టుకోవడం దండగ అని వాళ్లకీ తెలుసు.

దీనికి రివర్స్‌లో జీఎం 2023 కొర్వెట్ జీ06కు ఫ్లాట్ ప్లేన్ తెచ్చింది. ఎల్‌టీ6 అనే ఈ ఇంజిన్ 5.5 లీటర్లు, 670 హార్స్ పవర్, 8600 రెడ్‌లైన్. ఇందులో పుష్‌రాడ్లు లేవు, హైడ్రాలిక్ లిఫ్టర్లు లేవు. వాల్వు దగ్గరి సందును ఫ్యాక్టరీలోనే కొలిచి, సరిపడే బిళ్లలు వేసి ఫిక్స్ చేసేస్తారు. ఒక్కో ఇంజిన్‌ను ఒక్కరే టెక్నీషియన్ మొదటి నుంచి చివరిదాకా బిగిస్తారు. 1064 హార్స్ పవర్ జెడ్‌ఆర్1కు కూడా ఈ ఇంజిన్‌నే మార్చి, రెండు టర్బోలు తగిలించారు.

మామూలు మస్టాంగ్ జీటీ పరిస్థితి?

వీటన్నిటిలో జేబుకు అందేది, ఎక్కువ మంది కొనేది మస్టాంగ్ జీటీ. 2011 నుంచి దాంట్లో కొయోటీ అనే 5.0 లీటర్ల ఇంజిన్ వస్తోంది. మొదట్లో 412 హార్స్ పవర్. 2018లో 460కి పెంచారు, కంప్రెషన్ 12కు చేర్చారు. అప్పుడే సిలిండర్లలో ఇనుప స్లీవులు తీసేసి, కరిగించిన లోహాన్ని స్ప్రే చేసిన పూత పెట్టారు. ఆ మోడల్స్‌లో ఐడిల్‌లో టైప్‌రైటర్ కొట్టినట్టు టిక్ టిక్ శబ్దం వస్తోందని ఫిర్యాదులు వెల్లువెత్తాయి. అది మామూలే, నష్టం లేదన్నది ఫోర్డ్ సమాధానం.

2018 మార్పుల్లో పెద్దగా ప్రచారం రాని మంచి పని ఒకటుంది. పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకి కొట్టే డైరెక్ట్ ఇంజెక్షన్‌తో పాటు, పాత పద్ధతిలో వాల్వు వెనక కొట్టే ఇంజెక్టర్లు కూడా ఉంచారు. ఉత్త డైరెక్ట్ ఇంజెక్షన్ ఉన్న ఇంజిన్లలో ఇన్‌టేక్ వాల్వుల మీద పెట్రోల్ పడదు కాబట్టి మసి పేరుకుంటుంది. ఇక్కడ పెట్రోలే వాటిని కడిగేస్తుంది.

కొయోటీకి అసలు ముప్పు బయటి నుంచి వస్తుంది. టర్బోనో సూపర్‌ఛార్జరో తగిలించి, రెడ్‌లైన్ దగ్గర లిమిటర్ మీద పదే పదే కొట్టించినప్పుడు ఆయిల్ పంపు లోపలి గేర్లు పగులుతాయి. లోహపు పొడిని ఒత్తి చేసిన గేర్లవి. ట్యూనింగ్ షాపులు బూస్ట్ పెట్టే ముందే వాటిని మార్చమనేది ఇందుకే. పంపు ఆగిందంటే ఆయిల్ ప్రెషర్ సున్నా, ఆ తర్వాత కొన్ని క్షణాల్లోనే ఇంజిన్ ఫినిష్.

6 లక్షల బళ్లు.. మందు మాత్రం చిక్కటి ఆయిల్

2025 ఏప్రిల్‌లో జీఎం చేసిన రీకాల్ మాత్రం ఈ లెక్కకు కాస్త భిన్నం. ఇక్కడ దెబ్బ తిన్నది పెద్ద భాగాలే. 2021 నుంచి 2024 వరకు అమ్మిన సిల్వరాడో, సియెరా, టాహో, సబర్బన్, యుకాన్, ఎస్కలేడ్ బళ్లలో 6.2 లీటర్ల ఎల్87 వీ8 ఉన్నవాటిని వెనక్కి పిలిచారు. ఒక్క అమెరికాలోనే దాదాపు 6 లక్షలు. కనెక్టింగ్ రాడ్, క్రాంక్ షాఫ్ట్‌ల తయారీలో లోపాలున్నాయని, నడుస్తుండగానే ఇంజిన్ ఆగిపోవచ్చని కారణం చెప్పారు. అంతకు ముందే జనవరిలో అక్కడి రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ దర్యాప్తు మొదలుపెట్టింది.

ఇవి పెర్ఫార్మెన్స్ కార్లు కాదు, ఫ్యామిలీ ట్రక్కులు, ఎస్‌యూవీలు. కానీ కొర్వెట్ స్టింగ్‌రే ఇంజిన్ ఫ్యామిలీయే. పవర్ 420 మాత్రమే. 650 మోసిన అన్న పడిపోకుండా 420 మోసే తమ్ముడు పడిపోయాడంటే, తప్పు పవర్‌ది కాదు, ఫ్యాక్టరీలో కొలతలది.

తనిఖీలో ఫెయిలైన ఇంజిన్‌ను రిపేర్ చేస్తారు లేదా మారుస్తారు. పాసైన వాటికి ఇచ్చిన చికిత్స ఆసక్తికరం. పల్చటి 0డబ్ల్యూ-20 ఆయిల్ తీసేసి చిక్కటి 0డబ్ల్యూ-40 పోసి, ఆయిల్ మూత కూడా కొత్తది పెట్టారు. పల్చటి ఆయిల్ వల్ల మైలేజీ కాస్త కలిసొస్తుంది, బేరింగుల మధ్య ఉండే పొర మాత్రం పల్చబడుతుంది. డాడ్జ్ లెక్క చూసినా 5.7 హెమీకి 5డబ్ల్యూ-20, గట్టిగా తొక్కే 6.4కి 0డబ్ల్యూ-40. ఒకే ఫ్యామిలీకి రెండు రకాల ఆయిల్ ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

అమెరికాలో సెకండ్ హ్యాండ్ కొనే మనవాళ్లు ఏం చూడాలి?

చదువు అయిపోయి మొదటి జీతం రాగానే డల్లాస్‌లోనో అట్లాంటాలోనో పాత మస్టాంగ్, ఛార్జర్ వైపు చూసే మన కుర్రాళ్లు తక్కువేం కాదు. కొనేముందు చేయాల్సిన మొదటి పని ఫ్రీ. కారు 17 అక్షరాల విన్ నంబర్‌ను ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో కొడితే చేయించకుండా వదిలేసిన రీకాల్స్ కనిపిస్తాయి.

రెండోది, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి. అమ్మేవాళ్లు ముందే స్టార్ట్ చేసి వేడి చేసి ఉంచారంటే అనుమానించాలి. హెమీ చల్లగా ఉన్నప్పుడు టిక్ టిక్ అని, వేడెక్కాక ఆగిపోతే చాలాసార్లు అది ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ బోల్టు విరిగిన శబ్దం. లీకైన గ్యాస్ చప్పుడన్నమాట. వేడెక్కాక కూడా అలాగే ఉండి, మిస్‌ఫైర్ కూడా తోడైతే లిఫ్టర్ అనుకోవాలి. మొదటిది బోల్టు పని, రెండోది హెడ్లు విప్పే పని. డబ్బు ఇచ్చే ముందు ఈ తేడాను మంచి మెకానిక్‌తో చూపించుకోవాలి.

మూడు కంపెనీలూ కొత్త కారు ఇంజిన్, గేర్‌బాక్సులకు సాధారణంగా 5 ఏళ్లు లేదా 60 వేల మైళ్ల వారంటీ ఇస్తాయి. ఏది ముందైతే అది. బయటి పార్ట్ ఒకటి వేసినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేయడం కుదరదని 1975 నాటి మాగ్నసన్ మాస్ చట్టం చెబుతోంది. ఆ పార్ట్ వల్లే పాడైందని కంపెనీ చూపించాలి. కాకపోతే ఇంజిన్ ట్యూన్ మార్చిన బండిలో పిస్టన్ పోతే, అది చూపించడం వాళ్లకు పెద్ద కష్టం కాదు.

పెట్రోల్ దగ్గర మనవాళ్లు పొరబడే పాయింట్ ఒకటుంది. మన బంకుల్లో మామూలు పెట్రోల్ ఇంతకుముందు 91 ఆక్టేన్‌గా ఉండేది. అమెరికాలో 91 అంటే ప్రీమియం. లెక్కించే పద్ధతే వేరు. మన 91 అక్కడి 87తో దాదాపు సమానం. హెల్‌క్యాట్ లాంటి సూపర్‌ఛార్జర్ బళ్లకు 91 తప్పనిసరి. కొయోటీ 87 మీద కూడా నడుస్తుంది, కంప్యూటర్ టైమింగ్ తగ్గించుకుంటుంది, పవర్ తగ్గుతుంది. మస్టాంగ్ జీటీని 2016లో ఇండియాలో అధికారికంగా అమ్మినప్పుడు కూడా అమెరికా మోడల్ కంటే తక్కువ పవర్‌తోనే ఇచ్చారు.

ఇక మార్కెట్ విషయానికొస్తే.. వీ8 ఛాలెంజర్, ఛార్జర్ల తయారీని డాడ్జ్ 2023 చివర్లో ఆపేసింది. కొత్త ఛార్జర్‌లో 3.0 లీటర్ల ఆరు సిలిండర్ల ట్విన్ టర్బో ఇంజిన్ పెట్టింది. పుష్‌రాడ్ లేదు, ఎండీఎస్ లేదు, పవర్ 420 ఒకటి, 550 ఒకటి. అదే కంపెనీ రామ్ 1500 ట్రక్కులోంచి తీసేసిన 5.7 హెమీని మాత్రం కొనేవాళ్ల డిమాండ్‌తో 2026 మోడల్‌కు మళ్లీ వెనక్కి తెచ్చింది.